మలుపొచ్చింది, రా

11 ఆగస్టు 2013, ఆదివారం

రంజాన్ వెళ్ళి రెండు రోజులైంది. దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాను. వచ్చే ఒకరిద్దరూ ఛార్జింగ్ ఎక్కడం లేదని వస్తారు. పిన్ను పెట్టే చోట దుమ్ము ఊది ఇస్తే ఎక్కుతుంది. సలాం కొట్టి పోతారు. మా ఖని ఊళ్ళో సగం రోగాలకు బొగ్గు దుమ్మే కారణం, ఫోన్లకైనా మనుషులకైనా.

ఫేస్‌బుక్‌లో 'ఖని ముచ్చట్లు' అని పేజీ పెట్టి నెల దాటింది. ఒక ఫొటో, దాని మీద సదయ్య కాక గొంతు, రెండు నిమిషాలు. అంతే వీడియో. సదయ్య కాక బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో కోడలు టీవీ పెట్టగానే నా దుకాణం స్టూలు మీదికి వచ్చి కూర్చుంటాడు. బాయిలోకి మొదటిసారి దిగిన రోజు గురించి ఆయన చెబితే నేను రికార్డింగ్ ఆపడమే మరిచిపోయాను. కానీ చూసేదెవరు? నా బావమరిది, వాడి దోస్తులు. ఈ రోజు వాళ్ళలో ఒకడు రాశాడు, దయ్యం కథలు పెట్టన్నా, జూస్తం అని.

కాకను అడిగాను. "దయ్యాన్ని నేను జూడలే బిడ్డా. మాతోని పని జేయించే ఓవర్‌మన్‌ను జూసిన. గంతకన్న ఎక్వ భయం ఏడుంటది?" అన్నాడు.

ఈయనతో కాదు. నేనే ఒక దయ్యాన్ని తయారు చేస్తాను.

13 ఆగస్టు

తయారైంది. పేరు ఐలవ్వ.

దుకాణం మెట్టు మీద నిలబడితే ఎడమకు గుట్ట కింది బస్తీ, కుడికి మూతపడ్డ పాత బాయి గేటు. గేటు లోపల బాయి నోటికి గోడ కట్టేసి పదేళ్ళయింది. ఐలవ్వ మొగుడు ఆ బాయిలో పోయాడు. ఆమె నమ్మలేదు. ఆమె కూడా పోయింది, అయినా నమ్మలేదు. రోజూ పొద్దుగూకే వేళకు కారేజీలో బువ్వ పట్టుకొని గేటు దగ్గరికి వస్తుంది. ఆ కారేజీ మూత తీసి చూసినవాడు మర్నాడు డ్యూటీకి పోడు. ఇంతే కథ.

బొమ్మ కావాలి కదా. సాయంత్రం మబ్బు పట్టి ఉంటే మెట్టు మీద నుంచే గేటు వైపు ఫోనుతో తీశాను. దారిలో ఎవరో ఆడమనిషి పోతోంది, చేతిలో స్టీలు కారేజీ. వెనక నుంచి పడింది. రంగు తీసేసి, కొంచెం నెమ్మది చేసి, మూతికి రుమాలు కట్టుకొని బొంగురు గొంతుతో నేనే చెప్పాను.

మహెజబీన్ చూసి ఇది ఎవరి వీపు అని అడిగింది. నా పెండ్లానికి ఎప్పుడూ ఇలాంటి సందేహాలే. ఎవరిదీ కాదన్నాను. ముఖం లేదు, పేరు లేదు. వీపుకు ఆధార్ కార్డు ఉంటుందా?

17 ఆగస్టు

నడుస్తుందనుకున్నాను. ఉరుకుతోంది. మెమొరీ కార్డు నింపించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ పాటలు తర్వాత, ముందు ఐలవ్వను ఎక్కించన్నా అంటున్నాడు. బ్లూటూత్‌లో ఒకడి నుంచి ఇంకొకడికి, షేర్ ఆటోలో కూర్చున్నంత సేపట్లో పోతోంది. మందమర్రి నుంచి ఎవడో ఫోన్ చేశాడు, మా దగ్గరా వస్తదన్నా ఆమె అని. నేను నవ్వాను, వాడు నవ్వలేదు.

19 ఆగస్టు

రెండో భాగం పెట్టాను. కొత్తగా తీసే ఓపిక లేక అదే ముక్కను తిరగేశాను. ఇప్పుడు ఐలవ్వ గేటు వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ బస్తీ వైపు వస్తుంది. ఒక్క బటన్ నొక్కితే అయిన పని. చూసి నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. నేను చేసిందే, నాకే.

24 ఆగస్టు

సదయ్య కాక మూడు రోజులు రాలేదు. ఈ రోజు వచ్చి స్టూలు మీద కూర్చోకుండా నిలబడ్డాడు.

"మల్లక్కను ఎందుకు దీసినవ్?"

ఏ మల్లక్క, ఎక్కడి మల్లక్క అన్నాను. ముఖం ఎక్కడుంది చూపించమన్నాను.

"ఖనిల మొకం జూసి మనిషిని ఎవలు గుర్తువడ్తరు హసనూ? బాయి దిగొచ్చేటోళ్ళ మొకాల నిండ బొగ్గే ఉంటుండె. నడక జూసే ఆడోళ్ళు మొగోళ్ళను గుర్తువట్టేది. నడక జూసే మేం దోస్తులను పిలుస్తుంటిమి. నువ్వు మొకం దియ్యలేదంటున్నవ్. మనిషినే దీసినవ్."

టీ తెప్పిస్తే తాగకుండా వెళ్ళిపోయాడు. చల్లారిన టీ నేనే తాగాను.

సరే, రాసుకుంటే ఏం పోయింది, ఎవరు చదువుతారు గనక. మల్లక్క అని తెలుసు. బస్తీ మలుపు దగ్గర పొయ్యి పెట్టుకొని జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. నేనూ ఆమె రొట్టెలే తింటాను. రోజూ సాయంత్రం పొయ్యి ఆర్పి గేటు దాకా పోయి వస్తుంది, ఎందుకో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కారేజీ పట్టుకొని పోతుంటే కథకు సరిపోయింది, అంతే. కథ నాది. ఆమెకు దానితో ఏం సంబంధం?

30 ఆగస్టు

మల్లక్క పొయ్యి దగ్గర జనం లేరు. వానలు కదా. వానల్లో ఎవరు బయట తింటారు?

2 సెప్టెంబర్

వాన లేదు. జనం లేరు. నేను నాలుగు రొట్టెలు కొన్నాను. ఆమె ఎప్పటిలాగే కారం ఎక్కువ వేయాల్నా తమ్మీ అని అడిగింది. అటు పోయే ఆటోవాడు నన్ను చూసి హారన్ కొట్టి కొట్టి చేతితో వద్దు వద్దు అన్నాడు. రొట్టెలు ఇంటికి తెచ్చాను. మహెజబీన్, నేను తిన్నాం. బాగున్నాయి.

6 సెప్టెంబర్

నర్సింగం మనవరాలు సహస్రకు జ్వరం. వానాకాలం ఖనిలో జ్వరం రాని పిల్ల ఉంటే చూపించండి. కానీ జ్వరానికి ముందు రోజు ఆ పిల్ల మల్లక్క దగ్గర రొట్టె తిన్నదట. నర్సింగం గుట్ట కింది బస్తీకి పెద్దమనిషి, నలుగురిలో నోరున్నవాడు. ఆయన భార్య నిమ్మకాయ తెచ్చి వాకిట్లో కోసిందట. ఎవరో చేతబడి అన్నారట. ఆ మాట ఈ ప్రాంతంలో ఒకసారి పుడితే ఏం చేస్తుందో నాకు తెలుసు. పళ్ళు రాలగొట్టిన ఊళ్ళున్నాయి. నిప్పు పెట్టిన ఊళ్ళున్నాయి.

దవాఖానలో మలేరియా అన్నారు. దవాఖాన మాట ఎవరు వింటారు?

7 సెప్టెంబర్

రెండు వీడియోలూ తీసేశాను. పీడ పోయింది.

8 సెప్టెంబర్

ఏం పోయింది, నా తలకాయ. పేజీలో లేదు, ప్రతివాడి జేబులో ఉంది. తీసేశానని తెలిసి ఇంకా ఎగబడుతున్నారు. ఐలవ్వ హసన్ కలలోకి వచ్చి తీసెయ్యమందట. ఈ కథ నేను చెప్పలేదు. నా కథకు పిల్లలు పుడుతున్నాయి.

10 సెప్టెంబర్

నా ముఖం పెట్టి, నా సొంత గొంతుతో కొత్త వీడియో పెట్టాను. ఐలవ్వ లేదు, నేనే పుట్టించాను, రుమాలు కట్టుకొని మాట్లాడింది నేనే, ఇదిగో ఆ రుమాలు, మల్లక్క మామూలు మనిషి, ఆమె జోలికి పోవద్దు అని చెప్పాను. మహెజబీన్ ఫోను పట్టుకుంది. రెండుసార్లు తీశాం.

12 సెప్టెంబర్

అడుసు తొక్కనేల, కాలు కడుగనేల. హసనన్న కళ్ళు చూడండి, ఎలా భయపడుతున్నాడో అని రాస్తున్నారు. ఎవడో నా ముఖాన్ని ఆపి, నా వెనక గోడ మీద మరకకు ఎర్ర గుండ్రం చుట్టి పంపాడు. ఐలవ్వ అట. అది మహెజబీన్ తల నూనె మరక. నిన్నటి దాకా మల్లక్క పేరు తెలియనివాళ్ళకు నేనే తెలియజెప్పాను.

ఆ మరకను సబ్బు పెట్టి కడిగాను. పోలేదు.

21 సెప్టెంబర్

బస్తీలో పంచాయితీకి కూర్చున్నారు. పిలవకపోయినా వెళ్ళాను. నా మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. నర్సింగం కోపంగా కూడా లేడు, అదే భయమేసింది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుతారు, ఆలోపు మల్లక్క గుడిసె ఖాళీ చేసి బస్తీ దాటాలె, లేకుంటే తర్వాత ఏమైనా మమ్మల్ని అనొద్దు అన్నాడు. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, అక్టోబర్ నాలుగు.

మల్లక్క అందరి మధ్యలో నిలబడి విన్నది. పోత గని, మా ఆయనకు జెప్పాలె గద అన్నది. అందరూ ఒక్కసారి లేచిపోయారు, చెప్పులు కూడా వెతుక్కోలేదు. ఆమె మొగుడు రాయమల్లు పోయి పన్నెండేళ్ళు.

25 సెప్టెంబర్

మల్లక్క దుకాణానికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. సదయ్య కాక స్టూలు మీద ఉన్నాడు. ఆమెను చూసి లేచి స్టూలు ఇచ్చాడు. ఆమె కూర్చుంది. తిడుతుందనుకొని మాటలు వెతుక్కుంటున్నాను.

"నా బొమ్మ దీసినవట గద తమ్మీ. అందరు జూసిన్రు. నేను జూడలే. సూపెట్టు."

ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఇంత అల్లరి జరిగింది, ఆమె ఒక్కతే చూడలేదు. చూపించాను. ఫోను ఆమె చేతికే ఇచ్చేశాను. కాసేపు చూసి, "ఎనుకకెళ్ళి నన్ను నేను ఎన్నడు జూసుకోలే. గింత కుంటుతున్ననా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత రెండో భాగం పెట్టాను. తిరగేసిన ముక్క. ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి. కళ్ళు ఆమె బొమ్మ మీద లేవు, బొమ్మకూ గేటుకూ మధ్య ఖాళీ దారి మీద ఉన్నాయి.

"గిట్ల నాకు తెల్వకపాయె. నేను పన్నెండేండ్లు పిలుసుడు పిలిసి, ఎనుకకు మర్లి ఇంటికొస్తున్న. మొకం దిప్పినంక ఆయన ఎవలను జూసి వస్తడు? గిట్ల రావాలె. ఆయన దిక్కు మొకం వెట్టి రావాలె."

ఏం మాట్లాడుతున్నావక్కా అని అడిగాను. ఆమె సదయ్య కాక వైపు చూసింది. కాక షట్టర్ పట్టుకొని నిలబడ్డాడు. చెప్పు కాకా, నువ్వు మోసినవ్ గద అన్నది.

కాక చెప్పాడు. బాయిలో మనిషి చనిపోతే పైకి తెచ్చేటప్పుడు మలుపు మలుపుకూ పేరు పెట్టి పిలవాలి. రాయమల్లూ, మలుపొచ్చింది, రా అనాలి. పిలవకపోతే శవం వస్తుంది, మనిషి రాడు. లోపల అంతా చీకటే, దారి ఎవరు చెబుతారు? మరి రాయమల్లును ఎందుకు పిలవలేదని అడిగాను.

"పానం ఉన్నదనుకున్నం బిడ్డా. కప్పు కూలి బండ కింద వడ్డడు. తీసేటాళ్ళకు రొమ్ము ఎగురుతున్నది. పానం ఉన్నోణ్ణి గట్ల పిలిస్తే ఉన్న పానం వోతదంటరు. అందుకే నలుగురం నోరు మూసుకొని మోసినం. పైకచ్చినంక డాక్టరు జూసి ఎప్పుడో వోయిండన్నడు. స్ట్రెచ్చర్ ఊపుకు రొమ్ము ఎగిరింది. మేము ఊపిరనుకున్నం."

ఇన్నేళ్ళలో ఆయన ఈ ముచ్చట నాకు చెప్పలేదు. ఫొటోల మీద ఎన్ని ముచ్చట్లు చెప్పించుకున్నాను.

మల్లక్క మళ్ళీ నా వైపు తిరిగింది. గుడిసె పోతే పోయింది, ఎక్కడైనా రొట్టెలు చేసుకొని బతుకుతానంది. కానీ తాను ఇక్కడి నుంచి వెళ్తే రాయమల్లు ఎవరి కోసం బయటికొస్తాడు, వచ్చినా ఏ ఇంటికి వస్తాడు అన్నది. పెత్రమాస దాటకముందే ఆయనను ఇంటికి తీసుకుపోవాలి. దారి కాకకు ఎరుక. పిలవడం ఆమె పిలుస్తుంది.

"నువ్వు ఫోన్ల వట్టు. మొదటిదాన్ని ఎట్ల పంపినవో గట్లనే దీన్ని పంపు. ఆయనతోని బాయి దిగినోళ్ళ ఇండ్లల్లకు వోవాలె. వాళ్ళు గూడ పిలుస్తరు. ఒక్కదాన్నే అయితే ఇనవడ్తలేదు."

సరే అన్నాను. ఇంకేమంటాను?

29 సెప్టెంబర్

మహెజబీన్ వద్దంటోంది. యా అల్లా, ఒక్క దయ్యాన్ని పుట్టించి పడుతున్నది చాలదా, నిజంగా ఒకణ్ణి తోలుకొస్తావా అంటోంది. ఇది ఆమె తృప్తి కోసం, నమ్మకం కాదు, మనం సాయం చేస్తున్నామంతే అని నచ్చజెప్పాను. నాకూ చెప్పుకున్నాను. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు.

1 అక్టోబర్

నమ్మను.

4 అక్టోబర్, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి మార్చుకుంటానేమో.

పొద్దు వాలుతుండగా ముగ్గురం గేటు దగ్గరికి పోయాం. మల్లక్క ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో అదే కారేజీ. సదయ్య కాక గేటు ఊచ పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. నేను ఫోను పట్టాను. ఎదురుగా వచ్చి తీయనా అంటే వద్దంది మల్లక్క. ఎనుకకెళ్ళే తియ్యి, నడక వడాలె అన్నది.

బాయిలో రాయమల్లు పడ్డ చోటు నుంచి దారి మొదలుపెట్టి, ఇరవయ్యో లెవెల్, ఎడమకు అన్నాడు కాక. రాయమల్లూ, మలుపొచ్చింది, రా అన్నది మల్లక్క. నేను ఆమె ఏడుపు గొంతుతో పిలుస్తుందనుకున్నాను. కాదు. అన్నం చల్లారిపోతోందని పిలిచినట్టు పిలిచింది. కాక కళ్ళు తెరవకుండా నడక వేగంతోనే చెబుతున్నాడు. ఇక్కడ వంగాలె. ఇక్కడ నీళ్ళు నిలుస్తయ్, కుడి దిక్కుకెళ్ళి రా. ఇది మెయిన్ దారి, పట్టాలున్నయ్. మధ్యలో ఒకచోట ఆగి, నేను స్ట్రెచ్చర్ చెయ్యి మార్చుకున్నది ఈడనే అన్నాడు. ఆమె ప్రతి మలుపుకూ పిలుస్తోంది, పిలిచాక ఆగుతోంది, ఏదో సరిపోయినట్టు తల ఊపితే కాక తర్వాతి మలుపు చెబుతున్నాడు. ఒక మలుపు దగ్గర చాలాసేపు తల ఊపలేదు. అలిసిండు అన్నది. ముగ్గురం ఆగాం. గేటు లోపల తుమ్మ చెట్లు తప్ప ఏమీ లేదు. నేను బాగా చూశాను, ఏమీ లేదు.

పైకచ్చినం, ల్యాంపు రూము అన్నాడు చివరికి కాక. మైసమ్మ గద్దె. మొక్కుకొని రా. ఇగ గేటు. ఇంతవరకే నా తొవ్వ అని కళ్ళు తెరిచాడు. చెంపలు తడిగా ఉన్నాయి.

ఇగ నా తొవ్వ అన్నది మల్లక్క. గేటు వైపే ముఖం పెట్టి వెనక్కి అడుగు వేసింది.

నేను రెండో భాగంలో చేసిన దయ్యం నడక అదే. కుంటుతూ, కారేజీ ఊగుతూ, వెనక్కి. బటన్ నొక్కి తిప్పిన బొమ్మ నా ముందు నడుచుకుంటూ నా మీదికే వస్తోంది. ఆమె వీపును తీస్తూ నేనూ వెనక్కి నడుస్తున్నాను. నా వెనక సదయ్య కాక బస్తీ వైపు చూస్తూ దారి చెబుతున్నాడు, గుంత, రాయి, మలుపు. ఆమె అవన్నీ ముందుకు చెబుతోంది. ఫోనులో ఆమె వీపు, దాని వెనక ఖాళీ దారి.

మొదట వచ్చింది నా దుకాణమే. "గిది హసన్ దుకాణం. నువ్వున్నప్పుడు లేకుండె. బయట స్టూలుంటది. అలిసినవ్ గద, జరంతసేపు కూసో" అన్నది. ఆగింది. మేమూ ఆగాం. ఎంతసేపో తెలియదు. నా దుకాణం ముందు నా స్టూలును నేను చూడలేకపోయాను. ఇగ లే, పోదాం అన్నది.

బస్తీ మలుపు తిరిగేసరికి ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకొని బయటికొచ్చారు. పాట ఆగిపోయింది. ఎవరూ రాయి తీయలేదు. రెండు వైపులా జరిగి దారి ఇచ్చారు. మల్లక్క ఒక్కొక్క వాకిలీ చెబుతూ వచ్చింది. గిది మన సమ్మవ్వ ఇల్లు, సమ్మవ్వ పోయింది, కొడుకున్నడు. గిది నల్లా, పాతది తీసేసిన్రు. నర్సింగం ఇంటి ముందు ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో కర్ర ఉంది.

"గిది నర్సింగం బావ ఇల్లు. వాకిట్ల బండ లేచున్నది. కాలుకు తాకుతది, పైలం."

నర్సింగం కిందికి ఆ బండ వైపు చూశాడు. కర్ర గోడకు ఆనించి, రెండడుగులు లోపలికి జరిగాడు.

మేం ముగ్గురం దాటిపోయాం. తలెత్తి చూశాను. ఆడవాళ్ళు వెంటనే కలిసిపోలేదు. మల్లక్క దాటాక కూడా ఆ సందు కాసేపు అలాగే ఉంచి, తర్వాత మూశారు.

గుడిసె దగ్గర మల్లక్క వెనక్కే లోపలికి పోయింది. గడప పొట్టిగున్నది, వంగు అన్నది. తడిక వేసుకుంది.

5 అక్టోబర్

పంపాను. పేరు పెట్టలేదు, రంగు తీయలేదు, ఒక్క ముక్క కత్తిరించలేదు. ఇంత పొడుగు వీడియో ఎవరు చూస్తారనుకున్నాను.

8 అక్టోబర్

చూస్తున్నారు. నవ్వుతూ కాదు. కింద కామెంట్లలో ఎవరూ దయ్యం అనే మాట రాయడం లేదు. బెల్లంపల్లి నుంచి ఒకామె రాసింది, మా నాయనను గూడ పిలువలే అన్నా అని, పేరు రాసి, ఏ బాయో రాసి, మలుపొచ్చింది రా అని రాసింది. దాని కింద ఇంకొకరు. దాని కింద ఇంకొకరు. పేర్లు, బాయిలు. చదవడం ఆపేశాను. మళ్ళీ చదివాను.

పొద్దుగూకే వేళకు బస్తీలో నాలుగైదు ఇళ్ళలో ఫోన్లలో ఆ గొంతు వినిపిస్తోందని మహెజబీన్ చెప్పింది. ఒకటి మొదలైన కాసేపటికి ఇంకొకటి మొదలవుతుందట. రాయమల్లూ, రాయమల్లూ అని ఇంటింటి నుంచీ.

10 అక్టోబర్

గడువు దాటి ఆరు రోజులు. మల్లక్క గుడిసెలోనే ఉంది. ఖాళీ చేయమని అడగడానికి ఎవరూ పోలేదు. సాయంత్రం గేటుకు పోవడం మానేసింది.

నర్సింగం దుకాణానికి వచ్చాడు. ఫోను బాగుచేయించుకోవాలన్నట్టు చేతిలో పట్టుకున్నాడు, ఫోనుకు ఏ రోగమూ లేదు. మనవరాలికి తగ్గిందా అన్నా అంటే తగ్గింది అన్నాడు. గోడ మీద కవర్లు చూశాడు. తర్వాత అసలు మాట బయటికొచ్చింది.

"గా వీడియోల నా వాకిట్ల బండ ముచ్చట తీసేయరాదు?"

ఇప్పుడు అందరి దగ్గరా ఉంది, నా చేతిలో లేదు అన్నాను. ఈసారి నిజమే చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"బండ సరిజేయించిన. నిన్ననే. ఆమెకు జెప్పు. ఆమె ఆయనకు జెప్తది."

నేను నవ్వలేదు. చెబుతానన్నాను. పోతూ పోతూ మలుపు దగ్గర ఆగి రెండు రొట్టెలు కొన్నాడు, అక్కడే నిలబడి తిన్నాడు. నలుగురు చూస్తుండగా తిన్నాడు.

బండ సంగతి మల్లక్కకు చెప్పాను. ఎరుకే తమ్మీ, నిన్న తాకలేదట అన్నది, రొట్టె తిప్పుకుంటూ.

14 అక్టోబర్

దసరా అయింది. పొయ్యి దగ్గర జనం. భయానికి కొంటున్నారో ఆకలికి కొంటున్నారో నాకనవసరం. మల్లక్క ఇల్లు నిలబడింది. నా తప్పు కడుక్కుపోయింది. ఇక ఈ వీడియోల జోలికి పోను, పాటలు నింపుకొని బతుకుతాను.

నిన్న మహెజబీన్ గుడిసె ముందు నుంచి వస్తుంటే లోపల మల్లక్క ఎవరినో కసురుతోందట, బూట్లు బయట ఇడువమని ఎన్నిసార్లు జెప్పాలె అని. లోపల ఇంకెవరూ ఉండరు కదా అని నన్ను అడిగింది. పిల్లినేమో అన్నాను. పిల్లికి బూట్లుంటాయా అని అడిగింది. అన్నం పెట్టమన్నాను.

17 అక్టోబర్

బయటి బల్బు ఆర్పకుండా దుకాణం మూస్తున్నాను. దొంగల భయం. స్టూలు కూడా లోపల పెట్టడం లేదు, రోజూ తీయడం పెట్టడం నడుముకు మంచిది కాదు.

20 అక్టోబర్, ఆదివారం

పొద్దున షట్టర్ ఎత్తాను. రాత్రి గాలి ఓపెన్‌కాస్ట్ గని వైపు నుంచి వీచినట్టుంది, మెట్టు మీద, బోర్డు మీద, తాళం మీద కూడా దుమ్ము వేలెడు పేరుకుంది. ఈ ఊళ్ళో దుమ్ము ఎవరినీ వదలదు.

స్టూలు మీద లేదు. మహెజబీన్ తుడిచి ఉంటుందనుకున్నాను. ఆమె ఇంకా ఇంట్లోనే ఉంది. నేనే రాత్రి తుడిచి ఉంటాను, మరిచిపోయి ఉంటాను అనుకున్నాను. కానీ తుడిస్తే అంచులూ శుభ్రంగా ఉండాలి కదా. అంచుల మీద దుమ్ము ఉంది. మనిషి కూర్చునే మేరకే లేదు.

సదయ్య కాక వచ్చాడు. కూర్చోబోయి, చూసి, కూర్చోలేదు. ఇంటి నుంచి ఇంకో స్టూలు తెచ్చి ఆయనకు వేశాను.

సాయంత్రానికి మబ్బు పట్టింది, వాన పడేలా ఉంది. పాత స్టూలును రేకు కిందికి జరిపాను.